ఇంగ్లీషు గ్రామరు అట్ట

నేను ఒక క్యాలెండరు కాగితాన్ని. సరిగ్గా చెప్పాలంటే జనవరి, ఫిబ్రవరి నెలల కాగితాన్ని. నా ముఖం మీద వీణ పట్టుకున్న సరస్వతీదేవి ఉంది. ఆమె పాదాల కింద రేపల్లెలోని ఒక బట్టల కొట్టు పేరు, ఆ కింద తేదీలు. నా వీపు తెల్లగా ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో చెప్పటానికే ఇదంతా. చెప్పకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ చెప్పకపోతే మీరు ఇంతకంటే ఘోరంగా ఊహించుకుంటారేమోనని భయం.

నేను శివకాశిలో పుట్టాను. నాతో కలిపి ఆరుగురం అక్కచెల్లెళ్ళం, ఒకే రేకుపట్టీకి తలలు బిగించుకుని లారీలో వచ్చాం. డిసెంబరు ఆఖర్లో నాంచారమ్మ లైనింగు గుడ్డ కోసం కొట్టుకు వచ్చి, క్యాలెండరు ఇచ్చేదాకా కౌంటరు ముందు నుంచి కదల్లేదు. అట్లా ఆమె ఇంటికి చేరాను. అందరికన్నా పెద్దదాన్ని గనుక ముందు నా ముఖమే వంటింటి గోడ మీద కనిపించింది.

నాంచారమ్మ ఏడో తరగతి దాకా చదివింది. షమీమ్ లేడీస్ టైలరు కొట్టులో చీరలకు ఫాల్సు కుడుతుంది. భర్త మస్తానరావుకు ఆటో ఉంది. ఇంట్లో అత్తగారు, పదో తరగతి చదివే కూతురు చందన. ఇంతమందిలో భయపడే పని మాత్రం ఆమె ఒక్కతే చూసుకుంటుంది. ఆటో ఆలస్యమైతే ఆసుపత్రి గుర్తొస్తుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే ఆ సంగతి తనకు చెప్పటం లేదనుకుంటుంది. చందన బడి నుంచి ఎన్నింటికి వచ్చిందో రోజూ నా తేదీల గడుల్లో రాసేది. ఐదు. ఐదూ అయిదు. ఐదుంబావు అయిన రోజున గడి చుట్టూ గుండ్రంగా గీత గీసి, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. రెండు నెలలు ఆ చేతి కింద ఉన్న కాగితాన్ని. నాకూ ఆ భయం అంటుకుంది.

అంతటితో ఆగేది కాదు. రోజూ పొద్దున చందన తల దువ్వుకుంటూ ఉండగా, నాంచారమ్మ బడి బ్యాగు మంచం మీద బోర్లించేది. పుస్తకాలన్నీ దులిపి, చీటీలేమైనా రాలతాయేమోనని చూసి, టైంటేబులు ప్రకారం తనే మళ్ళీ సర్దేది.

"ఏం దొరికిందమ్మా?" అనేది చందన, నోట్లో రిబ్బను పట్టుకుని.

"నోరు మూసుకుని జడేసుకో. దొరక్కూడదనే కదా చూసేది."

మార్చిలో నన్ను చించారు. నాంచారమ్మ పరుపు కింద దాచింది. జూన్‌లో చందన పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు నా చెల్లెలు, మార్చి-ఏప్రిల్ లక్ష్మీదేవి, ఇంగ్లీషు గ్రామరు పుస్తకానికి పోయింది. నాకు ఏ పుస్తకం వస్తుందా అని ఎదురు చూశాను. లెక్కలైనా పర్వాలేదనుకున్నాను.

జూలైలో వచ్చింది నా పుస్తకం.

షమీమ్ కొట్టులో సువార్త అని ఒక పిల్ల ఉంది. ఇరవై నాలుగేళ్ళు, జాకెట్లకు చేతులు అతుకుతుంది. తెనాలి స్టేషనులో రైలు ఆలస్యమైతే పొద్దుపోక ఒక నవల కొనుక్కుంది. అరకులో ఒక కాఫీ తోట, దాన్ని చూసుకునే మృణాళిని, భూమి కొలతలు వెయ్యటానికి వచ్చిన విక్రాంత్, ఇద్దరినీ ఒకే గదిలోకి తోసే వాన. మామూలు కథే. కాకపోతే వాళ్ళు తలుపు వేసుకున్న తర్వాత కూడా రచయిత మర్యాదగా బయటికి రాకుండా లోపలే ఉండిపోయి, చూసిందల్లా రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకం కొట్టులో చేతులు మారటానికి వారం పట్టలేదు. ముందు షమీమ్ చదివింది. ఆమె చేతి నుంచి కోటేశ్వరమ్మకు పోయింది. కోటేశ్వరమ్మకు అరవై రెండేళ్ళు, హుక్సులు కుడుతుంది, కళ్ళజోడు కొత్తది. చివరికి అందరూ కలిసి నాంచారమ్మ సంచిలో కుక్కారు.

"నాకొద్దే తల్లీ! మా అత్త చూసిందంటే ఇంకేమన్నా ఉందా?"

"మీ అత్తకు చదువొచ్చా ఏంది?" అంది కోటేశ్వరమ్మ.

"బొమ్మ చూసుద్దిగా పైన! ఆ పిల్ల పైట చూడు."

ఆ పైటకు అడ్డంగా వచ్చినదాన్ని నేను. నాంచారమ్మ నన్ను పరుపు కింద నుంచి తీసి, సరస్వతీదేవి పైకి కనపడేట్టు ఆ పుస్తకానికి అట్ట వేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చందన పుస్తకాలకు వెయ్యగా మిగిలిన లేబుళ్ళలో ఒకటి తీసి నా మీద అతికించి, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: కె. చందన, పదో తరగతి, ఇంగ్లీషు గ్రామరు. ఆ ఇంట్లో ఆ మాట చూసి పుస్తకం తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. దాచే చోటు కూడా అదే ఆలోచనతో వెతికింది. కూతురి పుస్తకాల అరలో, మిగతా వాటి మధ్య నిలబెట్టింది.

ఇక చూడండి. మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని నాంచారమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని చదువుతూ ఉంటే, అత్తగారు పక్కింటావిడతో అన్న మాటలు నేను విన్నాను.

"మా కోడలు పిల్లకి చెప్పటం కోసమని తనే ఇంగిలీషు నేర్చుకుంటా ఉందమ్మా. ఆ మొహం చూడు, ఎట్టా చెమటలు పడతన్నయ్యో."

నాంచారమ్మ తల ఎత్తలేదు. ముసలావిడ వచ్చి నా మీది సరస్వతీదేవిని తాకి కళ్ళకద్దుకుంది. ఆ వేళ్ళు నా మీద పడ్డప్పుడు నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

కొట్టులో ఆ పుస్తకం గురించి పైకి మాట్లాడుకునే వీల్లేదు. కొలతలకొచ్చే ఆడవాళ్ళు, వాళ్ళను దింపి గుమ్మంలో నిలబడే మగవాళ్ళు. అందుకని కోటేశ్వరమ్మే ఒక పద్ధతి పెట్టింది. "చదివి గమ్మునుంటే ఎట్టా? తలా ఒక మాట రాయండి. పుస్తకంలో వద్దు, అట్ట లోపల." అట్ట విప్పితే తప్ప నా వీపు ఎవరికీ కనపడదు. అట్లా నా తెల్లటి వీపు మీద ఆడవాళ్ళ అభిప్రాయాలు మొదలయ్యాయి.

కోటేశ్వరమ్మ పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: "ముప్పయ్యో పేజీకే చొక్కా విప్పాడు. అంత తొందరేంది? కథ బానే ఉంది. మూడు రోజులు గదిలో ఉన్నారు గదా, వంట ఎవరు చేశారో రాయలేదు."

షమీమ్: "పన్నెండో భాగం ఒక్కసారే చదివాను. మిగతా భాగాలు పనిలో పడి మర్చిపోయాను. అది మాత్రం మర్చిపోలేదు."

సువార్త: "విక్రాంత్ లాంటోడు రేపల్లె బస్టాండులో దిగడు. దిగినా మా అమ్మ ఊరుకోదు."

నాంచారమ్మ నాలుగు రోజుల్లో రెండు వందల డెబ్భై పేజీలూ చదివి రాసింది: "ఇది చెడ్డ పుస్తకం. పెళ్ళి కాని పిల్లలకు కనపడనియ్యకూడదు. ఎవరు చదివినా భద్రంగా దాచిపెట్టండి."

కొట్టులో ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "చెడ్డదని తెలియటానికి ఆఖరి పేజీ దాకా పోవాల్సి వచ్చిందా అక్కా?" అంది సువార్త.

నాలుగు నెలలు నేను ఆ కొట్టుకూ, ఈ ఇంటికీ తిరిగాను. నవంబరులో నాంచారమ్మ పుస్తకాన్ని రెండోసారి తెచ్చుకుంది. ఈసారి చెమటలు పట్టలేదు. కొన్ని పేజీల దగ్గర ఆగి, వసారా అవతలికి చూస్తూ కూర్చునేది. ఆ పేజీలు పన్నెండో భాగంలోవి కావు. ఒక సోమవారం అత్తగారు నిద్రపోతుంటే నన్ను విప్పి, కూతురి పెన్నుతో ఇలా రాసింది:

"రెండోసారి చదివాను. వాడు ప్రతిసారీ నీకు ఇష్టమేనా అని ఆ పిల్లను అడుగుతాడు. వద్దంటే ఆగుతాడు. నాకు పెళ్ళయి పదిహేడేళ్ళు. పెళ్ళికి ముందు నన్ను ఎవరూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు."

రాసి, చదువుకుని, కొట్టెయ్యబోయింది. ఇంతలో గేటు దగ్గర ఆటో చప్పుడైంది. గబగబా నన్ను పుస్తకానికి తొడిగి అరలో పెట్టింది. ఆ తొందరలో నన్ను పెట్టింది సరిగ్గా నా చెల్లెలి పక్కన.

మర్నాడు మంగళవారం. రెండో పీరియడు ఇంగ్లీషు. నాంచారమ్మ ఎప్పట్లాగే బ్యాగు బోర్లించి, ప్రతి పుస్తకం దులిపింది. చీటీలేమీ లేవు. తృప్తిగా మళ్ళీ సర్దుతూ అరలోకి చెయ్యి పెట్టి, గ్రామరు అన్న లేబులు చూసి, నన్ను తీసి బ్యాగులో పెట్టి జిప్పు వేసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. పదేళ్ళుగా కూతురి బ్యాగులోకి ఏం వస్తుందో అని భయపడ్డ తల్లి, ఆ వచ్చేదాన్ని తన చేత్తోనే సర్ది, పైన టిఫిను డబ్బా పెట్టి పంపింది.

తరగతిలో జరిగింది రెండు నిమిషాల్లో అయిపోయింది. క్లాసు టీచరు భ్రమరాంబ గారు గ్రామరు తియ్యమన్నారు. చందన నన్ను తీసి, మొదటి పేజీ తెరిచి, అది గ్రామరు కాదని చూసి, టప్పున మూసేసింది. అంత గట్టిగా మూసిన చప్పుడుకే ఆమె తల తిప్పి చూశారు.

"ఇటివ్వు."

చందన ఇచ్చింది. నా మీది లేబులు, ఆ గుండ్రటి అక్షరాలు ఆ పిల్లకు తెలుసు. బ్యాగు ఎవరు సర్దారో కూడా తెలుసు.

"ఎవరిది ఇది?"

ఆ పిల్ల కొంచెంసేపు నన్నే చూసింది. "నాదే టీచర్" అంది.

భ్రమరాంబ గారు ఆ రాత్రి పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళారు. పొద్దున హెడ్మిస్ట్రెస్ గదిలో, పన్నెండో భాగం మరీ ఘోరంగా ఉంది మేడం అన్నారు. అంతదాకా చదివారా అన్నారు హెడ్మిస్ట్రెస్. సాక్ష్యం కోసం మేడం అన్నారు ఆమె. ఆ సాక్ష్యం కోసమే నన్ను కూడా పుస్తకం నుంచి విప్పారు. నా వీపు బయటపడింది.

బుధవారం పది గంటలకు నాంచారమ్మకు ఫోను వచ్చింది. వెంటనే రండి అన్నారు తప్ప, ఎందుకో చెప్పలేదు. ముందు రోజు సంగతి చందన ఇంట్లో చెప్పినట్టు లేదు. కొట్టు నుంచి బడికి నడిచే పావుగంటలో ఆమె కూతురిని ఎన్ని రకాలుగా పోగొట్టుకుందో నాకు తెలియదు. గదిలోకి వచ్చేసరికి రవిక భుజానికి సూది గుచ్చుకునే ఉంది, దారం వేలాడుతోంది. గోడ పక్కన నిలబడ్డ చందనను చూసింది. పిల్లకు ఏ దెబ్బా తగల్లేదు. తర్వాత బల్ల మీద ఉన్న నన్ను చూసింది.

"ఈ పుస్తకం మీ అమ్మాయి బ్యాగులో దొరికిందండీ" అన్నారు హెడ్మిస్ట్రెస్. "పైన సరస్వతి బొమ్మ, లోపల ఈ రోత. నాదేనని ఒప్పుకుంది."

నేను నాంచారమ్మనే చూస్తున్నాను. చెప్పు, చెప్పు అనుకుంటున్నాను. ఆమె కూతురి వైపు తిరిగింది.

"ఎక్కడిదే ఇది నీకు? ఎవరిచ్చారే?"

ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చింది. రాలేదని నేను చెప్పలేను. దేవత బొమ్మ పైకి పెట్టి, రాసిందంతా కింద దాచుకుని ఆ బల్ల మీద పడుకున్నదాన్ని, ఆమెను అనటానికి నాకేం ముఖం ఉంది? చందన తల్లి కళ్ళలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"ఒక ఫ్రెండు ఇచ్చిందమ్మా" అంది.

"అదీ సంగతి" అన్నారు హెడ్మిస్ట్రెస్. "ఎవరా ఫ్రెండు అంటే చెప్పదు. పిల్లల పని కాదండీ ఇది. ఎవరో పెళ్ళైన ఆడవాళ్ళు నలుగురు చేరి పిల్లను చెడగొడుతున్నారు. వాళ్ళెవరో చెప్పకపోతే టీసీ చేతికిచ్చి పంపిస్తాను. పబ్లిక్ పరీక్షలు ఎక్కడ రాయించుకుంటారో రాయించుకోండి. నాకు మిగతా పిల్లలు ముఖ్యం."

టీసీ అన్న మాటకు చందన చేతులు వెనక్కి కట్టుకుంది గానీ మాట మార్చలేదు.

హెడ్మిస్ట్రెస్ నన్ను బోర్లా తిప్పారు. "చూడండి ఏం రాశారో. ఎవరో ఒకావిడ చెడ్డ పుస్తకం, దాచిపెట్టండి అని రాసింది, ఆమెకొక్కదానికే కాస్త బుద్ధుంది. ఈ చివరిది వినండి." కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. వాడు ఇష్టమేనా అని అడుగుతాడన్న దగ్గర మొదలుపెట్టి, పెళ్ళయి పదిహేడేళ్ళన్న దగ్గర కొంచెం ఆగి, ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు అన్నదాకా. ఫ్యాను కింద ఒక్కొక్క మాటా విడివిడిగా వినపడింది. భ్రమరాంబ గారు కిటికీ వైపు చూస్తున్నారు. చందన ఆ మాటలు అప్పుడే మొదటిసారి వింటోంది. పదిహేడేళ్ళ దగ్గర తల్లి వైపు చూసి, వెంటనే చూపు నేలకు దించుకుంది.

"కట్టుకున్నవాడి సంగతులు కాగితాల మీద రాసుకునే ఆడది! సిగ్గూ శరం ఉందా? ఇలాంటిదానితో మీ అమ్మాయికి స్నేహమేంటి?"

"నేనేనండీ అది" అంది నాంచారమ్మ.

"ఏంటి?"

"రాసింది నేనే. పుస్తకం నా దగ్గరదే. పిల్లకేం తెలవదు. బ్యాగు నేనే సర్దుతానండీ రోజూ... పొరపాటున పెట్టా."

హెడ్మిస్ట్రెస్ నమ్మలేదు. "చూడమ్మా, పిల్లను కాపాడుకోవాలని ఏ తల్లైనా ఇలాగే అంటుంది. మీరు చాలా పద్ధతైన మనిషి. మీ అమ్మాయి బ్యాగు రోజూ చూస్తారని మాక్కూడా తెలుసు."

ఏం చిత్రమో చూడండి. అబద్ధం ఆడినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. నిజం చెబితే రుజువు కావాల్సి వచ్చింది. నాంచారమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. భుజాన సూది మెరుస్తోంది.

"మొన్న పిల్లకి జరమొచ్చినప్పుడు సెలవు చీటీ రాసిచ్చానండీ. ఉంటే చూడండి."

భ్రమరాంబ గారు హాజరు పట్టీలోంచి ఆ చీటీ తీసి నా పక్కన పెట్టారు. 'మా అమ్మాయి చందనకు జ్వరముగా ఉన్నందున.' అవే గుండ్రటి అక్షరాలు, అదే కుడివైపు జారిపోయే వరుస. తల్లీకూతుళ్ళ ముఖాల్లో ఏముందో నేను చూడలేదు. కాగితానికి కళ్ళు మూసుకోవటం రాదు గానీ, ఆ ఒక్కసారికి నాకు వచ్చిందనుకోండి.

"మరి ఈ మిగతావి ఎవరు రాశారు?" హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గింది.

"అయ్యీ నాయే అనుకోండి."

"అక్షరాలు వేరుగా ఉన్నాయి కదా?"

"నాయే అనుకోండి" అంది మళ్ళీ. "పిల్లని క్లాసుకు పంపించండి. నన్ను ఎన్నన్నా అనండి."

హెడ్మిస్ట్రెస్ చందన వైపు చూసి, తలుపు వైపు చెయ్యి చూపించారు. భ్రమరాంబ గారు నన్ను మడిచారు. ఆ చివరి మాటలు లోపలికి పోయేలా మడిచి, పుస్తకంతో పాటు నాంచారమ్మ చేతిలో పెట్టి, నెమ్మదిగా, "సూది గుచ్చుకుంటుంది, చూసుకోండి" అన్నారు.

సాయంత్రం చందన వచ్చేసరికి పుస్తకం పాత పేపరు చుట్టుకుని సువార్త దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మిగిలాను. నన్ను చింపటానికి నాంచారమ్మకు చెయ్యి రాలేదు, నా మీద సరస్వతీదేవి ఉంది. చెత్తలో వెయ్యటానికీ రాలేదు. కూతురి రబ్బరు తీసుకుని తను రాసిందాన్ని తుడిచింది. పెన్నుతో రాసిందాయె, కాగితం అరిగింది గానీ మాట చెరగలేదు. చివరికి చందన పుస్తకాల అర ఖాళీ చేసి, నన్ను అందులో పరిచింది, దేవత పైకి, రాత చెక్కకు ఆనేట్టు. పైన పుస్తకాలు పేర్చింది. నా చెల్లెలు సరిగ్గా నా మీద నిలబడింది. ఆ రాత్రి తల్లీ కూతురూ ఒకరికొకరు కూర వడ్డించుకున్నారు.

పొద్దున్నే అలవాటు ప్రకారం నాంచారమ్మ బ్యాగు ఎత్తి మంచం మీద పెట్టింది. జిప్పు మీద చెయ్యి వేసింది. చందన అద్దం ముందు జడేసుకుంటోంది, నోట్లో రిబ్బను. ఏమీ అడగలేదు. నాంచారమ్మ చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది.

"చూడనా?" అంది. "నీకు ఇష్టమైతేనే."

చందన రిబ్బను తీసి చేతిలో పట్టుకుంది. అద్దంలోంచే తల్లిని చూసింది.

"వద్దమ్మా."

నాంచారమ్మ నోరు తెరిచింది. ఎందుకొద్దు, ఏముంది అందులో, ఎవరిచ్చారు, ఇన్ని మాటలు ఆమె గొంతు దాకా వచ్చి ఉంటాయి. నాకు తెలుసు. నా గడుల నిండా ఆ మాటలే. ఆమె వాటిని మింగి, జిప్పు మీద నుంచి చెయ్యి తీసి, టిఫిను డబ్బా కూతురి చేతికిచ్చి, "సరే. నువ్వే పెట్టుకో" అంది.

చందన వెళ్ళాక గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె ఏమేం ఊహించుకుందో చెప్పనక్కర్లేదు. భయం ఒక్క రోజులో మానే జబ్బు కాదు.

ఆ రోజు చందన ఐదుంబావుకు వచ్చింది. నా ఆఖరి చెల్లెలు, నవంబరు-డిసెంబరు, ఇంకా వంటింటి గోడ మీదే ఉంది. పెన్ను దాని పక్కనే దారానికి వేలాడుతోంది. ఆ రోజు గడి మాత్రం ఖాళీగా ఉందట.